పార్వతీశం ఆడపిల్ల అయితే

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం వచ్చి నూరేళ్ళయింది. నేను చదివినంతలో, ఆ నవల మీద వచ్చిన విమర్శ ఎక్కువగా దాని హాస్యం దగ్గరే ఆగిపోయింది. ఆ హాస్యం ఎంత స్వచ్ఛమైనదో, ఎంత ఆరోగ్యకరమైనదో చెప్పారు. అది నిజమే. నేనూ నవ్వుకున్నాను, ఇప్పటికీ నవ్వుకుంటాను. అయితే ఆ హాస్యం ఏ పునాది మీద నిలబడి ఉందనే ప్రశ్న మనం వేసుకున్నట్టు లేదు.

మొగలితుర్రు కుర్రవాడు ఇంట్లో చెప్పకుండా బయల్దేరతాడు. రైలెక్కుతాడు, ఓడెక్కుతాడు, సముద్రాలు దాటి ఇంగ్లండు చేరతాడు, ఎడింబరోలో చదువుకుంటాడు. భాష అంతంత మాత్రం, మర్యాదలు తెలియవు, దారులు తెలియవు. అడుగడుక్కీ ముక్కూమొహం తెలియనివాళ్ళ మీద ఆధారపడతాడు. వాళ్ళు సాయమన్నా చేస్తారు, లేకపోతే నవ్వి ఊరుకుంటారు. అతని అమాయకత్వానికి అతను చెల్లించే మూల్యం కాస్త సిగ్గు, కాస్త డబ్బు. అంతకు మించి ఏమీ జరగదని పాఠకుడికి మొదటి పేజీ నుంచీ ఒక హామీ ఉంది. ఆ హామీ ఉన్నంతసేపే అమాయకత్వం హాస్యం. హామీ తీసేయండి, అదే ఇతివృత్తం భయానకమవుతుంది. రాత్రిపూట కొత్త ఊళ్ళో దిగి బస ఎక్కడో తెలియక నిలబడిన మనిషి పార్వతీశమైతే మనం నవ్వడానికి సిద్ధపడతాం. ఆ మనిషి పార్వతి అయితే పేజీ తిప్పడానికి జంకుతాం. వాక్యం ఒకటే, దీపస్తంభం ఒకటే. మారింది ఒక్క పేరు.

వర్జీనియా ఉల్ఫ్ 1929లో షేక్‌స్పియర్‌కు ఒక చెల్లెల్ని కల్పించి, అంతే ప్రతిభ గల ఆ పిల్ల నాటకాల కోసం లండన్‌కు పారిపోయి ఉంటే ఏమై ఉండేదో ఊహించింది. మనకు అంత దూరం పోనక్కరలేదు. మా బడిలో పార్వతీశం ప్రయాణ ఘట్టం తరగతికి చదివి వినిపిస్తున్నప్పుడు, మగపిల్లలు బల్లలు చరిచి నవ్వుతుంటే, వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, “ఆయన ఇంట్లో సెప్పకుండా ఎల్తే సదువుకెల్లాడంతారు. మనం ఎల్తే లెగిసిపోయిందంతారు గదా టీచర్” అంది. ఎం.ఎ. తెలుగులో నేను విన్న ఉపన్యాసాలలో ఈ నవల మీద ఇంతకంటె పదునైన వ్యాఖ్య వినలేదు.

ఆ పిల్ల మాటకు వెనక ఒక పాత సామెత ఉంది. ఆడది తిరిగి చెడ్డది, మగవాడు తిరక్క చెడ్డాడు అని. ఒకే క్రియ మగవాడికి విద్యగానూ ఆడదానికి పతనంగానూ ఎలా పనిచేస్తుందో చూడండి. మన నిఘంటువు కూడా ఈ సామెత చెప్పినట్టే నడుస్తుంది. తిరిగే మగవాడికి యాత్రికుడు, సంచారి, దేశదిమ్మరి, చివరికి పరివ్రాజకుడు అని మెట్టు మెట్టుగా గౌరవం పెరుగుతుంది. తిరిగే ఆడదానికి భాష ఇచ్చిన మాటలు నేను ఈ పత్రికలో రాయనక్కరలేదు, అందరికీ తెలుసు. స్త్రీల యాత్రా సాహిత్యం తెలుగులో ఎందుకు పలచగా ఉందంటే వాళ్ళు ప్రయాణాలు చేయకనే అనుకోవడం తేలిక. చేసినవాళ్ళకు కూడా ఆ ప్రయాణాన్ని చెప్పుకోవడానికి ఈ భాషలో మచ్చలేని క్రియాపదం దొరకలేదు.

మా జిల్లా రాయవరంలో పుట్టిన గురజాడ ఈ సంగతి ఎంత బాగా గ్రహించాడో 'కన్యాశుల్కం'లో ప్రయాణాలు పరిశీలిస్తే తెలుస్తుంది. బుచ్చమ్మ ఇల్లు దాటింది గిరీశం మాటలు నమ్మి. ఆ ప్రయాణం సౌజన్యారావు దయ వల్ల మాత్రమే ప్రమాదం తప్పి విధవాశ్రమం దారి పట్టింది. కరటకశాస్త్రి శిష్యుడు ఆడపిల్ల వేషం వేసుకుని లుబ్ధావధాన్లు ఇంటికి పెళ్ళికూతురుగా వెళ్ళి, పని పూర్తి చేసుకుని, వేషం విప్పి చక్కా వచ్చాడు. అది హాస్యం, ఎందుకంటే చీర కింద మగపిల్లవాడున్నాడని ప్రేక్షకుడికి తెలుసు. ఇక నాటకం మొత్తంలో స్వతంత్రంగా అడుగులు వేయగలిగిన ఒకే ఒక స్త్రీ మధురవాణి. ఆమె కూడా చివర సౌజన్యారావు గడప తొక్కడానికి మగవేషం వేసుకోవలసి వచ్చింది. మగవాడు ఆడవేషంలో వెళితే తమాషా. ఆడది బయటికి వెళ్ళాలంటే మగవేషం అవసరం. గురజాడ ఈ రెంటినీ ఒకే నాటకంలో పెట్టడం యాదృచ్ఛికమని నేను నమ్మను. చలం 'మైదానం'లో రాజేశ్వరిని గోడల మధ్య నుంచి బయటికి తెచ్చాడు సరే, కాని ఆ మైదానంలోకి కూడా ఆమె ఒక మగవాడి వెంటే నడిచింది. ఒంటరిగా కాదు.

అసలు పార్వతీశం కంటె అర్ధ శతాబ్దం ముందే ఒక తెలుగు స్త్రీ ఇంగ్లండు చూసి వచ్చింది. పోతం జానకమ్మ రాఘవయ్య 1873లో వెళ్ళింది. ఆమె పుస్తకం 1876లో మద్రాసులో ఇంగ్లీషులో అచ్చయింది, తెలుగు నుంచి అనువాదమని చెప్పుకుంటూ. తెలుగులో పుట్టి ఇంగ్లీషులో బతికిన ఆ పుస్తకం గురించి మన సాహిత్య చరిత్రలు చాలాకాలం నోరు విప్పలేదు. యాత్రికుడైన ఆచార్య ఆదినారాయణ 'స్త్రీ యాత్రికులు' వంటి పుస్తకం రాయడం వల్ల ఈ దిక్కుకు కొంత చూపు మళ్ళింది. దాన్ని నేను మెచ్చుకుంటాను. అయితే ఒక మాట. యాత్రికులైన స్త్రీలను మనం ఇప్పటిదాకా ధైర్యసాహసాల కథలుగానే చదువుతున్నాం. ధైర్యాన్ని పొగిడేవాడు భయం ఎక్కడినుంచి వచ్చిందో అడగడు. అడిగితే పొగడ్త కాస్తా విచారణ అవుతుంది.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1830-31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య వెంట నూరుమంది దాకా పరివారం ఉంది. ఆ రోజుల్లో మగవాడు కూడా ఒంటరిగా దూరం వెళ్ళే స్థితి లేదు. దారిదోపిడీలు, థగ్గులు. అప్పుడు కుంపిణీ ప్రభుత్వం బాటసారులను చీకటి పడ్డాక సత్రాల్లోంచి కదలవద్దని చెప్పి ఊరుకోలేదు. థగ్గులను పట్టుకోవడానికి ప్రత్యేకంగా ఒక శాఖనే పెట్టింది. సరుకు నడవాలి గనకే పెట్టిందనుకోండి. ఏ కారణం చేతనైనా మగ బాటసారి భద్రత రాజ్యం పని అయింది. రోడ్డు, రైలు, ఠాణా అన్నీ దాని చుట్టూ ఏర్పడ్డాయి. పార్వతీశానికి పాఠకుడిచ్చే హామీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. దాన్ని ఒక చరిత్ర తయారుచేసింది. ఆ చరిత్రలో స్త్రీ భద్రత మాత్రం ఇంటి పనిగా, ఆమె సొంత పనిగా మిగిలిపోయింది.

యూరపు నాగరికత ఇందుకు మినహాయింపు కాదు. ఉత్తర ఇంగ్లండులో 1975 నుంచి 1980 దాకా ఒకే హంతకుడు పదమూడుమంది స్త్రీలను చంపాడు. అతణ్ణి 1981 జనవరిలో గాని పట్టుకోలేకపోయారు. ఈ మధ్యకాలంలో పోలీసులు స్త్రీలకిచ్చిన సలహా రాత్రుళ్ళు బయటికి రావద్దని. 1977 నవంబరు 12న లీడ్స్ నగరంలో స్త్రీలు కాగడాలు పట్టుకుని రాత్రివేళ వీధుల్లో నడిచారు. కర్ఫ్యూ పెట్టదలిస్తే మగవాళ్ళకు పెట్టమన్నారు. నలభై నాలుగేళ్ళ తర్వాత, 2021 మార్చిలో, లండన్‌లో రాత్రివేళ ఇంటికి నడిచి వెళుతున్న స్త్రీని ఉద్యోగంలో ఉన్న పోలీసు తన గుర్తింపు కార్డు చూపించి ఎత్తుకుపోయి హత్య చేశాడు. ఆమె కోసం దీపాలు పెట్టడానికి చేరిన స్త్రీలను పోలీసులు చెదరగొట్టారు. తర్వాత పోలీసు శాఖవారు ఇచ్చిన సలహాలలో, మఫ్టీలో ఒంటరిగా వచ్చిన పోలీసు మీద అనుమానం కలిగితే దారిన పోయే బస్సును ఆపమని ఒకటి. 2023లో వెలువడిన ఒక విచారణ నివేదిక ఆ శాఖలో స్త్రీ ద్వేషం, జాతి వివక్ష వ్యవస్థలోనే పాతుకుపోయాయని తేల్చింది. మనకు ఇది వింతగా తోచనక్కరలేదు. మా విశాఖ మన్యంలోని వాకపల్లిలో 2007లో గాలింపుకు వచ్చిన పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని పదకొండుమంది ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేస్తే, 2023లో కేసు కొట్టేస్తూ కోర్టు ప్రధానంగా దర్యాప్తు లోపాలనే ఎత్తిచూపింది, బాధితులకు పరిహారం ఇమ్మంది.

ఈ సలహాల గురించి విమర్శకురాలిగా నాకొక మాట చెప్పాలని ఉంది. విదేశాలకు వెళ్ళే ఆడపిల్లల కోసం ఇవాళ తెలుగులో ఒక రచనా ప్రక్రియే పుట్టింది. దాన్ని జాగ్రత్తల సాహిత్యం అనవచ్చు. వీసా ఏజెన్సీల కరపత్రాలు, వారపత్రికల శీర్షికలు, బంధువుల ఉత్తరాలు అన్నీ ఇందులోకి వస్తాయి. ఇందులో పనికివచ్చేవి లేకపోలేదు. యూరపు సంఘ దేశాలన్నింటిలో 112 కు ఫోను చేయవచ్చని, ఇంగ్లండులో 999 అని ప్రతి పిల్లకూ తెలిసి ఉండాలి. అద్దెగదికి ముందుగా డబ్బు కట్టేటప్పుడు ఎవరికి కడుతున్నామో తెలిసి ఉండాలి. కాని ఈ రచనల వ్యాకరణం గమనించండి. క్రియలన్నీ మధ్యమ పురుషలో విధ్యర్థకాలు: వెళ్ళకు, నవ్వకు, తాగకు, నమ్మకు. కర్త ఎప్పుడూ ఆమే. ఎవరి వల్ల ఈ జాగ్రత్తలు అవసరమయ్యాయో అతను వాక్యంలో ఎక్కడా ఉండడు. వార్తల్లో చూసినా ఇదే. దాడి జరిగింది, అత్యాచారానికి గురైంది, అఘాయిత్యం చోటు చేసుకుంది. వాన కురిసినట్టు జరుగుతుంది. కర్త లోపించిన ఈ వాక్యాన్ని మన కథకులు కూడా ఆలోచించకుండా వాడుతున్నారు. సాహిత్య విద్యార్థులు గత పదేళ్ళ కథల్లో ఈ ఒక్క వాక్య నిర్మాణాన్ని ఏరి చూస్తే మంచి పరిశోధన అవుతుంది.

జాగ్రత్తల సాహిత్యానికి మరో లోపం ఉంది. అది వీధిని చూస్తుంది, ఇంటిని చూడదు. 2014లో యూరపు సంఘం హక్కుల సంస్థ 28 దేశాల్లో 42,000 మంది స్త్రీలను అడిగి ప్రకటించిన సర్వేలో, పదిహేనేళ్ళ వయసు దాటాక శారీరక లేదా లైంగిక హింస ఎదుర్కొన్నవారు ముగ్గురిలో ఒకరున్నారు. అందులో చీకటి సందులో ఎదురైన అపరిచితుడు ఒక భాగం మాత్రమే. 2023 జూన్‌లో లండన్ వెంబ్లీలో హైదరాబాదు నుంచి వెళ్ళిన ఒక తెలుగు విద్యార్థిని కత్తిపోట్లకు చనిపోయింది. ఆమె అప్పుడు ఏ నిర్జన వీధిలోనూ లేదు. పట్టపగలు, నలుగురు పంచుకుని ఉండే అద్దె ఇంట్లో ఉంది. సౌతాల్‌లో 1979లో దక్షిణాసియా, ఆఫ్రికా, కరీబియన్ మూలాల స్త్రీలు పెట్టుకున్న 'సౌతాల్ బ్లాక్ సిస్టర్స్' సంస్థ అనుభవమంతా ఇంట్లో దెబ్బలు తిని, బయటికి వస్తే దేశం నుంచే పంపేస్తారేమోనన్న భయంతో ఉన్న స్త్రీలది. స్త్రీలపై హింసను అరికట్టే ఇస్తాంబుల్ ఒప్పందాన్ని బ్రిటన్ 2022లో ఆమోదించింది. ఆమోదిస్తూ 59వ అధికరణాన్ని పక్కన పెట్టింది. ఆ అధికరణం దేనికి సంబంధించినది? భర్త వీసా మీద ఆధారపడి ఉన్న స్త్రీ హింస భరించలేక విడిపోతే ఆమెకు సొంతంగా నివాసపు హక్కు ఇవ్వడానికి. అంటే ఏ తలుపు తెరిస్తే మన పిల్లలకు ఊపిరాడుతుందో ఆ తలుపే మూసి మిగతా ఇల్లు ఇచ్చారు. ఇంత ఘర్షణ ఉన్న వస్తువు మన డయాస్పోరా కథకు ఎందుకు అందలేదు? గోంగూర దొరకని బాధ మీద మనకు చాలినన్ని కథలున్నాయి.

నా పూర్వ విద్యార్థిని ఒకామె, చోడవరం వైపు పల్లెనుంచి వచ్చిన పిల్ల, లీడ్స్‌లో రెండేళ్ళు చదువుకుని అక్కడే ఉద్యోగం చేస్తోంది. పదకొండు యాత్రా వ్యాసాలు రాసి ముందుమాట కోసం నాకు పంపింది. బాగా రాసింది. మంచు, పాత మిల్లులు, కాలవ గట్లు, మ్యూజియం, తోటి విద్యార్థుల వంటలు. నాలుగో వ్యాసంలో నన్ను ఆకట్టుకున్న విషయం ఒకటుంది. అక్కడికి వెళ్ళిన మొదటి నెల తనను వీధిలో ఎవరూ చూడకపోవడం తనకు ఎంత సుఖంగా అనిపించిందో రాసింది. జయప్రభ 'చూపులు' కవిత చదివినవారికి ఈ సుఖం విలువ తెలుస్తుంది. గుచ్చే చూపును చూపుతోనే ఎదుర్కోవడం నేర్చుకున్న స్త్రీ గొంతు ఆ కవితది. ఈ పిల్లకు కొన్నాళ్ళపాటు ఎదుర్కోవలసిన చూపే లేకపోయింది. అనకాపల్లి మెయిన్ రోడ్డు మీద తలవంచుకుని నడవడం అలవాటైన మెడ నొప్పి అక్కడ తగ్గిందని రాసింది. గొప్ప పరిశీలన.

కాని మొత్తం పదకొండు వ్యాసాల్లో రాత్రి లేదు. సూర్యుడు అస్తమించగానే వ్యాసం ముగుస్తుంది. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుందన్న సంగతి వాతావరణం గురించి చెబుతూ ఆమే రాసింది. మరి ఆ నాలుగింటి తర్వాత సంగతేమిటని ఫోన్‌లో అడిగాను.

అప్పుడు చెప్పింది. వృద్ధులను చూసుకునే కేర్ హోమ్‌లో షిఫ్టు పదింటికి అయిపోతుంది. బస్సు దిగాక ఇంటికి పదిహేను నిమిషాల నడక. తాళం చెవులు వేళ్ళ సందుల్లో బిగించి పట్టుకుంటుంది. అవతల ఎవరూ లేకపోయినా ఫోన్‌లో తెలుగులో గట్టిగా మాట్లాడుతూ నడుస్తుంది. 2024 ఆగస్టులో ఇంగ్లండు ఊళ్ళలో వలసవాళ్ళ మీద దాడులు జరిగిన వారం మాత్రం ఆ తెలుగు కూడా మానేసి నోరు మూసుకుని నడిచింది. ఆడదాన్నని భయపడి భాష మాట్లాడటం, వలసదాన్నని భయపడి భాష మానేయడం. ఒకే దారిలో.

“ఇవన్నీ ఎందుకు రాయలేదమ్మా?” అన్నాను.

“అమ్మ చదువుతాది టీచర్. చదివితే చెల్లిని పంపదు.”

ఈ జవాబును నేను తేలిగ్గా తీసుకోలేను. స్త్రీల రచనలో మౌనాన్ని మనం పిరికితనమనో మధ్యతరగతి మర్యాద అనో చాలాసార్లు విమర్శించాం. ఇక్కడి మౌనం మరో ఆడపిల్ల టిక్కెట్టు కోసం. ఆమె భయం అచ్చులోకి వస్తే దాన్ని చదివే పద్ధతి మన సమాజంలో ఒకటే ఉంది: చూశారా, అందుకే పంపకూడదన్నాం. పార్వతీశం అవస్థలు చదివిన ఏ తండ్రీ కొడుకును ఎడింబరో పంపడం మానుకోలేదు. అవస్థ మగవాడికి అనుభవం, ఆడదానికి సాక్ష్యం. అందుకని రచయిత్రిని మాత్రమే ధైర్యంగా రాయమనడం అన్యాయం. చదివేవాళ్ళం ముందు మారాలి. సభల్లో, సమీక్షల్లో, క్లాసు గదుల్లో ఈ రచనలను చదివే తీరు మారాలి. అది విమర్శకుల పని.

ఇంకో ప్రమాదం కూడా చెప్పాలి. 2015 డిసెంబరు 31 రాత్రి జర్మనీలో కొలోన్ నగర రైల్వే స్టేషన్ దగ్గర వందలమంది స్త్రీల మీద లైంగిక దాడులు జరిగాయి. ఫిర్యాదులు నిజం, బాధ నిజం. ఆ వేడిలోనే 2016 జూలైలో అంగీకారం లేని సంభోగం నేరమనే దిశగా అక్కడి చట్టం మారింది, అది మంచి పని. కాని ఆ స్త్రీల బాధను భుజాన వేసుకుని ఊరేగినవాళ్ళలో ఎక్కువమంది స్త్రీల కోసం ఎప్పుడూ ఒక్క అడుగు వేయనివాళ్ళు. వాళ్ళకు కావలసింది శరణార్థులను తరమడం. ఆ తరిమే చేతులకు మన పిల్లల చర్మం రంగు కూడా ఒకటే. నా విద్యార్థిని వ్యాసాల్లో ఒకచోట 'ఆ శరణార్థులుండే పేట' అని భయంగా ఒక మాట దొర్లింది. అక్కడ గీత గీసి, ఎదురింటి తెల్లవాడు నీ గురించి ఇదే మాట రాస్తే ఎలా ఉంటుందని మార్జిన్‌లో రాశాను.

భద్రతకు తరగతి కూడా ఉంది. ఆ పదిహేను నిమిషాల నడక ఎందుకు వచ్చింది? బస్సు స్టాపు దగ్గర అద్దె ఎక్కువ గనక. టాక్సీ ఎక్కితే ఆ పూట కూలిలో పెద్ద ముక్క పోతుంది గనక. కంపెనీ పని మీద యూరపు వెళ్ళి హోటలు కారులో దిగే స్త్రీకీ, కేర్ హోమ్ షిఫ్టు దిగే స్త్రీకీ రాత్రి ఒకటి కాదు. మా దగ్గర అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీలకు తెల్లవారకముందే బస్సుల్లో వెళ్ళే ఆడపిల్లలు కుట్టే బట్టలు సముద్రాలు దాటిపోతాయి. సందు మొదట్లో బస్సు దిగి ఇంటిదాకా చీకట్లో నడిచే వాళ్ళ పది నిమిషాలకూ లీడ్స్‌లో ఈ పిల్ల పదిహేను నిమిషాలకూ చుట్టరికం ఉంది. ఆ చుట్టరికాన్ని పట్టుకోగలిగిన కథ తెలుగులో రావలసి ఉంది. రావిశాస్త్రిగారికి ఈ వస్తువు దొరికి ఉంటే ఆ వీధిదీపం చేత కూడా మాట్లాడించి ఉండేవారు.

ముందుమాట నేనింకా రాయలేదు. పన్నెండో వ్యాసం ఒకటి కావాలని అడిగాను. సలహాలు వద్దు, సాహసం వద్దు, ఆ బస్సు స్టాపు నుంచి ఇంటి తలుపు దాకా ఉన్న నడక మాత్రం రాయమన్నాను. దారిలో ఏ దుకాణం మూసి ఉంటుంది, ఏ ఇంటి కిటికీలో దీపం వెలుగుతుంది, చేతిలో తాళం చెవులు ఎంత చల్లగా ఉంటాయి, తలుపు వేసుకున్నాక మొదట ఏం చేస్తుంది. వెనక ఎవరైనా నడుస్తుంటే ఆ వాక్యంలో కర్తగా అతన్నే పెట్టమన్నాను. వాళ్ళమ్మకు మాత్రం పుస్తకం నేనే తీసుకెళ్ళి ఇస్తాను, పక్కన కూచుని ఆ వ్యాసం చదివి వినిపిస్తాను అని చెప్పాను. చెల్లెలు ఇంటర్ రెండో సంవత్సరం. తనూ వింటుంది.